ఒకే రేవు, ఒకే లెన్సు

రాజమండ్రిలో నాకో మందుల షాపు ఉంది. తొమ్మిదింటికి షట్టర్ ఎత్తితే రాత్రి పదింటిదాకా కదలడానికి ఉండదు. అంచేత నా ఫోటోగ్రఫీ అంతా పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది లోపే, అదీ పుష్కర ఘాట్ చుట్టుపక్కలే. మొదట్లో ఇదంతా నా ఖర్మ అనుకునేవాణ్ణి. లంబసింగి మంచు, పాపికొండల మలుపులు తీసుకొచ్చి చూపించే స్నేహితుల్ని చూసి లోపల్లోపల కుళ్ళుకునేవాణ్ణి కూడా. ఇప్పుడు కెమెరా కొత్తగా కొన్నవాళ్ళు ఎవరైనా అడిగితే మొదట చెప్పేది ఇదే: ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక చోటు చూసుకోండి, చెరువు గట్టో, రైతుబజారో, బస్టాండో ఏదైనా సరే, ఏడాదిపాటు అక్కడికే వెళ్ళండి.

ఎందుకంటే, కొత్త చోట మన కళ్ళు వస్తువుల మీదే ఉంటాయి. ముప్ఫయ్యోసారి వెళ్ళినప్పుడు అవే మెట్లు, అవే పడవలు. ఇక చూడ్డానికి మిగిలేది వెలుగే. నాకు రెండు నెలలు పట్టింది ఒక చిన్న సంగతి గమనించడానికి. మా ఊరు గోదారికి తూర్పు గట్టున ఉంది కాబట్టి పొద్దున సూర్యుడు మన వీపు వెనక, ఇళ్ళ మీదుగా వస్తాడు. ముందు ఆర్చ్ బ్రిడ్జి కమానుల పైఅంచుకి ఎండ తగులుతుంది, తర్వాత అవతలి నీళ్ళకి, ఆఖరున మెట్లకి. అంటే మెట్లు ఇంకా నీడలో, నీలంగా ఉండగానే వెనక బ్రిడ్జి గులాబీ రంగులో ఉంటుంది. ఆ తేడా ఉండేది కాసేపే. సాయంత్రమైతే అంతా తిరగబడుతుంది. సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతాడు, మనుషులూ పడవలూ నల్లటి ఆకారాలైపోతాయి. చలికాలంలో ఎడమకి, వేసవిలో కుడికి జరిగి దిగుతాడు. మీ చోటికి కూడా ఇలాంటి లెక్క ఒకటి ఉంటుంది. ఒక నోట్‌బుక్కులో రాసుకోండి.

ఇక లెన్సు. నాది సెకండ్‌హ్యాండ్ నికాన్ డీ5300. దీనికి ఒక పాత 50 ఎంఎం లెన్సు చవగ్గా దొరికిందని ఎగిరి గంతేసి కొన్నాను. ఇంటికొచ్చి బిగిస్తే ఫోకస్ దానంతటది కదలదు. ఆ పాత రకం లెన్సుల్ని తిప్పే మోటారు కెమెరా బాడీలో ఉండాలట, నా బాడీలో లేదు. కనుక్కోకుండా కొన్న తప్పు నాదే. డబ్బులు పోయాయి కదాని ఆరు నెలలు చేత్తోనే ఫోకస్ తిప్పుకుంటూ తీశాను. ఆ ఆరు నెలల్లో నేర్చుకున్నంత అంతకుముందు నాలుగేళ్ళలో నేర్చుకోలేదు. ఏది ఫోకస్‌లో ఉండాలో ముందే నేనే తేల్చుకోవాలి మరి.

మీరు ఏమీ కొనక్కర్లేదు. కెమెరాతో వచ్చిన 18-55 జూమ్ లెన్సునే 35 అంకె దగ్గర పెట్టి, కదలకుండా కరెంటు పనివాళ్ళు వాడే నల్ల టేపు చుట్టేయండి. ఒక నెల టేపు తీయకూడదు. దగ్గరగా కావాలంటే నడవాలి. రెండో షరతు, రోజుకి 36 ఫోటోలే. రీలు కెమెరా రోజుల్లో ఒక రీలుకి అన్నే వచ్చేవి. తీసిన వెంటనే తెరమీద ఫోటో కనబడడం కూడా సెట్టింగుల్లో ఆపేయండి. ప్రతి క్లిక్కుకీ కిందికి చూసే అలవాటు వల్ల నేను పోగొట్టుకున్న ఫోటోలు లెక్కలేనన్ని.

కార్తీకమాసం దీపాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, నేను ఎక్కువ దెబ్బలు తిన్నది అక్కడే. ఆ నెలలో నాలుగున్నరకే ఘాట్‌కి వెళ్తాను. ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదులుతుంటారు. మొదటి ఏడాది నాలుగొందల ఫోటోలు తీస్తే ఒక్కటీ నిలవలేదు. రాత్రి పగల్లా వచ్చింది, జ్వాల తెల్లటి మచ్చలా వచ్చింది. కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకి తెలిసిన విద్య ఒకటే, ఎదురుగా ఏమున్నా దాన్ని మధ్యరకం బూడిదరంగు వెలుగులోకి తేవడం. చీకటిని చూపిస్తే అదీ లేపేస్తుంది. ప్లస్-మైనస్ గుర్తున్న బటన్ నొక్కి మైనస్ 1 గానీ 1.3 గానీ పెట్టండి. తెల్ల పంచెల గుంపు తీసేటప్పుడు దీనికి ఎదురు, ప్లస్ వైపు పోవాలి. వెలుగు రంగుని సరిచేసే వైట్ బ్యాలెన్స్ సెట్టింగుని ఆటోలో వదిలేస్తే దీపపు పసుపుని కొంత కడిగేస్తుంది, దాన్ని ఎండ గుర్తు మీద పెట్టండి. ఇప్పుడు నేను వాడే 35 లెన్సు మీద ఎఫ్ 1.8 (లెన్సు కన్ను ఎంత తెరుచుకోవాలన్నది), ఐఎస్ఓ 1600 (కెమెరా వెలుగుని ఎంత పెంచి చూపాలన్నది), షట్టర్ సెకనులో అరవయ్యో వంతు. చెయ్యి వణికినా ఒకటైనా నిలుస్తుందని మూడేసి చొప్పున కొడతాను.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా రెండో ఏడాది ముఖాలు నల్లగానే వచ్చాయి. మూడో ఏడాది కెమెరా దించి ఊరికే చూస్తూ కూర్చుంటే అర్థమైంది. దీపం ముఖానికి అడుగు దూరంలో ఉన్నప్పుడు పడే వెలుగుతో పోలిస్తే, రెండడుగులకి జరిగేసరికి పావు వంతే పడుతుంది. దొప్ప నీళ్ళకి చేరాక తీస్తే ముఖం మీద ఏముంటుంది? వత్తి వెలిగించి, గాలికి ఆరకుండా అరచెయ్యి అడ్డం పెడతారు చూడండి, తీయాల్సింది అప్పుడు. జ్వాల మన కంటికి సగం దాగుతుంది కాబట్టి తెల్లమచ్చ ఉండదు. వేళ్ళ సందుల్లోంచి ఎరుపు కనిపిస్తుంది, గడ్డం కింద నుంచి కళ్ళదాకా వెలుగు పాకుతుంది. ఉండేది రెండు మూడు సెకన్లు. ఆవిడ అగ్గిపెట్టె తీసేటప్పటికే ఫోకస్ పెట్టేసుకుని ఉండాలి.

దగ్గరికి వెళ్ళేముందు అడగాలి. "అమ్మా, దీపం పెట్టేటప్పుడు ఒక ఫోటో తీసుకోనా?" అంటే పదిమందిలో తొమ్మిదిమంది "ఆయ్, తీసుకోండి" అనే అంటారు. వద్దన్నవాళ్ళకి నమస్కారం పెట్టి పక్కకి జరగడమే. స్నానాలు చేసేవాళ్ళ వైపు మాత్రం కెమెరా తిప్పకండి, ఎంత వెలుగున్నా సరే.

ఊహకి పదును పెట్టాలంటే నాకు పనికొచ్చిన ఆట ఒకటుంది. గోదారి కనబడకుండా గోదారిని తీయాలి. వినడానికి తిక్కగా ఉంటుంది, మొదటి రెండు రోజులు ఏమీ తోచదు. మూడోరోజు మెట్ల మీద ఆరిపోతున్న తడి పాదాల గుర్తులు కనబడ్డాయి. తర్వాత తీగ మీద ఆరేసిన పంచెల అంచు నుంచి కారే చుక్క. తాడుకి అయస్కాంతం కట్టి చిల్లర నాణేల కోసం నీళ్ళలో వేసే కుర్రాళ్ళుంటారు, వాళ్ళ అరచేతిలో బురద పట్టిన రూపాయి బిళ్ళలు. మీది బస్టాండైతే బస్సు లేకుండా తీయండి.

ఫోటోలు చూడ్డం కన్నా బొమ్మలు చూడ్డం వల్ల నాకు ఎక్కువ మేలు జరిగింది. మా ఊళ్ళో దామెర్ల రామారావు గారి పేరున ఆర్ట్ గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి, 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయిన చిత్రకారుడు. ఆయన బొమ్మల ముందు నిలబడి నేను ఒక్కటే వెతుక్కుంటాను, వెలుగు ఎటు నుంచి వస్తోంది, నీడలో ఏ రంగు వేశాడు అని. సెల్‌ఫోనులో వేలితో జరిపే ఫోటో దగ్గర అంతసేపు ఎవరూ నిలబడరు.

ఎడిటింగ్ గురించి పెద్దగా చెప్పను. రా (RAW) ఫైలులో, అంటే కెమెరా తన సొంత మార్పులు చేయకుండా దాచే ఫైలులో తీయండి, వారం ఆగి తెరవండి. తీసిన రోజు మనకి చలీ, అక్కడి గంటల చప్పుడూ గుర్తుంటాయి, అవన్నీ ఫోటోలో ఉన్నాయని భ్రమపడతాం. రంగులు పెంచే స్లైడర్‌ని ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది. మా గోదారి మీద నారింజ రసం పారబోసినట్టుండే సూర్యాస్తమయాలు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి. ఫైళ్ళు రెండు చోట్ల దాచండి. 2015 పుష్కరాల్లో తీసినవన్నీ ఒకే హార్డ్‌డిస్కులో పెట్టుకుని పోగొట్టుకున్నాను. దాని గురించి మాట్లాడాలంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

నెలకి నాలుగైదైనా ప్రింటు వేయించండి, 4×6 సైజు చాలు. వేయించి, అందులో ఉన్నవాళ్ళకే ఇవ్వండి. ఘాట్ దగ్గర వల వేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, నేను బాబాయ్ అంటాను. ఆయన పడవ ఫోటో ఒకటి, లైకులు బాగా వచ్చినది, తీసుకెళ్ళి ఇచ్చాను. దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"బాగానే ఉంది బాబూ. కానీ పడవ ఎల్డానికి చోటేదీ? ముక్కు గోడకి గుద్దుకున్నట్టుంది."

నిజమే. పడవ ముక్కు ఫ్రేము అంచుకి ఆనుకుని ఉంది, వెనకంతా ఖాళీ నీళ్ళు. "నా చెయ్యి కూడా సగమే వచ్చింది, తెడ్డు ఎవరేస్తున్నట్టు?" అన్నాడు. లైకు కొట్టిన రెండొందల మందిలో ఒక్కరూ ఈ రెండు మాటలూ అనలేదు.

మళ్ళీ తీయడానికి పదకొండు పొద్దులు పట్టింది. పడవకి ముందు చోటు వదిలి, తెడ్డు పూర్తిగా పైకి లేచి నీళ్ళు కారుతున్నప్పుడు తీశాను. ప్రింటు ఇస్తే ఈసారి ఏమీ అనలేదు. తడవకుండా సెల్‌ఫోను పెట్టుకునే ప్లాస్టిక్ కవరు విప్పి, ఫోను వెనక దూర్చుకున్నాడు.