నాస్ కొనే ముందు డిస్కు సంగతి తేల్చుకోండి

నాస్ అంటే రూటర్‌కు తగిలించి, ఫైళ్లన్నీ ఒకచోట దాచుకునే డిస్కుల బాక్స్. నెల్లూరు, ఒంగోలు, కావలి ప్రాంతాల్లో ఇంట్లో నాస్ పెట్టుకునేవాళ్లలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలవాళ్లున్నారు, కుటుంబం ఫోటోలన్నీ ఒకచోట ఉంచుకోవాలనుకునేవాళ్లున్నారు. అందరూ ముందు బాక్స్ ఎంచుకుని, డిస్కులు షాపులో ఏవి దొరికితే అవి వేసుకుందామనుకుంటారు. ఈ వరస తిరగేయండి. నాలుగు బేల (డిస్కులు పెట్టే అరల) బాక్స్‌లో పెద్ద డిస్కులు నింపితే, బాక్స్ కంటే వాటికే ఎక్కువ పోయాల్సి వస్తుంది. పైగా కొన్ని బాక్స్‌లు కొన్ని డిస్కులను అసలు ఒప్పుకోవు.

కంపెనీ సైట్లో ఉండే డ్రైవ్‌ల జాబితా రెండు రకాలు. ఒకటి, ‘వీటిని మేం పరీక్షించాం’ అని చెప్పేది. అందులో లేని డ్రైవ్ వేసినా పనిచేస్తుంది, మహా అయితే తెరమీద పసుపు రంగు హెచ్చరిక వస్తుంది. రెండోది తాళం. జాబితాలో లేని డ్రైవ్ పెడితే సాఫ్ట్‌వేరే ముందుకు పోనివ్వదు. కొనే ముందు తెలుసుకోవాల్సింది మీ మోడల్‌కు ఉన్నది ఏ రకం జాబితా అన్నదే.

ఈ తాళం గొడవ పెద్దదైంది 2025 ఏప్రిల్‌లో. ఆ ఏడాది వచ్చే ప్లస్ సిరీస్ మోడళ్లలో తమ పేరుతో వచ్చే డ్రైవ్‌లు, తాము ధ్రువీకరించినవి మాత్రమే నడుస్తాయని నాస్ బాక్స్‌లు అమ్మే సైనాలజీ ప్రకటించింది. ఆ డ్రైవ్‌లు కూడా ఆ కంపెనీ తయారుచేసేవి కావు. సీగేట్, తోషిబా తయారుచేసిన వాటికి సొంత ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్) వేసి అమ్ముతుంది. ఏళ్లుగా బాగా నడుస్తున్న సీగేట్ నాస్ డ్రైవ్ ఐరన్‌వుల్ఫ్‌ను కొత్త బాక్స్ కాదనడానికి సాంకేతిక కారణమేదీ కనిపించలేదు, అందుకే వాడేవాళ్లకు మండింది. 2025 అక్టోబర్‌లో వచ్చిన డీఎస్‌ఎం (సైనాలజీ బాక్స్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) 7.3తో హార్డ్‌డిస్కులకు, 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీలకు ఆ మోడళ్లలో తాళం తీశారు. ఎం.2 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీతో కొత్తగా పూల్ (డిస్కులను కలిపి చేసే నిల్వ) గానీ క్యాష్ (వేగం కోసం పెట్టే తాత్కాలిక నిల్వ) గానీ కట్టాలంటే మాత్రం జాబితాలోని డ్రైవే ఉండాలని చెప్పారు. ఈ తేడా తెలియక చవకగా దొరికిన ఎన్‌వీఎంఈ కొంటే అది పక్కన పడి ఉంటుంది.

మోడల్ ఏ ఏడాదిదో పేరులోనే ఉంటుంది. డీఎస్225+ లో చివరి 25 అంటే 2025. డీఎస్224+, డీఎస్923+ లాంటి పాతవాటికి ఈ కొత్త తాళం పడలేదు. క్యూనాప్, టెర్రామాస్టర్ లాంటివి హార్డ్‌డిస్కుల విషయంలో ఇంత బిగించలేదు. పాత డెస్క్‌టాప్‌లో ట్రూనాస్ గానీ ఓపెన్‌మీడియావాల్ట్ గానీ (రెండూ నాస్ సాఫ్ట్‌వేర్‌లే) వేసుకుంటే ఈ బెడదే లేదు, కాకపోతే కరెంటు ఎక్కువ తాగుతుంది.

జాబితాలో ఉన్నా లేకపోయినా మీరు చూసుకోవాల్సింది ఇంకోటుంది: డిస్కు సీఎంఆరా, ఎస్‌ఎంఆరా. ఇవి డిస్కు మీద డేటా రాసే రెండు పద్ధతులు. సీఎంఆర్‌లో ట్రాకులు పక్కపక్కన విడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్‌లో ట్రాకులు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఉంటాయి. ఒకచోట మార్చి రాయాలంటే పక్క ట్రాకులు కూడా తిరగరాయాలి. మామూలుగా ఫోటోలు పెట్టుకున్నంతకాలం తేడా తెలియదు. ఒక డిస్కు పోయి కొత్తది వేసి రెయిడ్‌ను (ఒకటి పోయినా డేటా నిలిచేలా డిస్కులను జతచేసే పద్ధతి) రీబిల్డ్ చేసేటప్పుడు, అంటే కొత్తదాని మీదికి డేటా తిరిగి ఎక్కించేటప్పుడు బయటపడుతుంది. గంటల తరబడి ఆగకుండా రాయాల్సి వచ్చేసరికి డ్రైవ్ చతికిలపడుతుంది. అది జవాబివ్వకపోయేసరికి చచ్చిపోయిందనుకుని నాస్ దాన్ని బయటికి నెట్టేస్తుంది. 2020లో డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) రెడ్ డ్రైవ్‌ల మీద వచ్చిన రభస ఇదే. ఆ తర్వాతే సీఎంఆర్ వాటికి ‘రెడ్ ప్లస్’ అని పేరు పెట్టారు.

అందుకని షాపులో పేరు అడిగి ఊరుకోకండి, లేబుల్ మీద నంబరు చదవండి. 4 టీబీ డబ్ల్యూడీలో నంబరు చివర ఈఎఫ్‌ఏఎక్స్ ఉంటే ఎస్‌ఎంఆర్, ఈఎఫ్‌పీఎక్స్ ఉంటే సీఎంఆర్. 4 టీబీ సీగేట్‌లో ఎస్‌టీ4000డీఎం004 అంటే బారాకుడా, ఎస్‌ఎంఆర్. ఎస్‌టీ4000వీఎన్006 అంటే ఐరన్‌వుల్ఫ్, సీఎంఆర్. సీసీ కెమెరాల సామాను అమ్మే షాపుల్లో ‘పర్పుల్ ఉంది, ఇదీ అదే’ అంటారు. నాస్‌లో అది నడుస్తుంది, కానీ రాత్రింబవళ్లు వీడియో రాసుకోవడానికి చేసిన డ్రైవ్ అది. ధర దగ్గరదగ్గరగా ఉంటే నాస్ రకమే తీసుకోండి. మామూలు డెస్క్‌టాప్ డిస్కు వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. చెడ్డ సెక్టార్ తగిలితే అది చాలాసేపు పదేపదే ప్రయత్నిస్తూనే ఉంటుంది. నాస్ డిస్కు సుమారు 7 సెకన్లలో వదిలేసి తప్పు చెబుతుంది, మిగతా పని రెయిడ్ చూసుకుంటుంది.

రెండు డిస్కులూ ఒకే షాపులో, ఒకే రోజు, ఒకే బ్యాచ్‌వి కొనకండి. లోపం ఉంటే రెండింట్లోనూ ఉండొచ్చు, దాదాపు ఒకేసారి పోవచ్చు. ఒకటి నెల్లూరులో తీసుకుంటే ఇంకోటి ఆన్‌లైన్‌లో తీసుకోండి. బిల్లు కట్టక ముందే కంపెనీ సైట్లో సీరియల్ నంబరు కొట్టి వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో చూడండి. ఐరన్‌వుల్ఫ్‌కు, రెడ్ ప్లస్‌కు ఉండాల్సింది 3 ఏళ్లు. వేరే దేశానికి పంపిన సరుకైతే అక్కడే తెలిసిపోతుంది.

ఇంటికి తెచ్చాక నేరుగా నాస్‌లో వేయకండి. డెస్క్‌టాప్‌కు తగిలించి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ ఆన్ గంటలు (డిస్కు ఇప్పటిదాకా నడిచిన గంటలు) చూడండి. కొత్తదైతే సున్నా, లేదంటే ఒకటో రెండో ఉండాలి. 2025 మొదట్లో బాగా వాడేసిన సీగేట్ డ్రైవ్‌ల గంటలు చెరిపేసి కొత్తవిగా అమ్మిన వ్యవహారం బయటపడింది. సీగేట్ డ్రైవ్‌లో ఫార్మ్ లాగ్ అని వాడకం లెక్క విడిగా ఉంటుంది, స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌తో దాన్ని చదవొచ్చు. రెండు లెక్కలూ పొంతన కుదరకపోతే డిస్కు వెనక్కిచ్చేయండి. తర్వాత డిస్కు మొత్తాన్ని చదివి చూసే ఎక్స్‌టెండెడ్ టెస్ట్ పెట్టండి. 4 టీబీకి ఏడెనిమిది గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి పడుకోవచ్చు.

ఇక బిగించడం. నాస్ ఆపి డిస్కులు ట్రేల్లో పెట్టి, టక్కుమనేదాకా లోపలికి తొయ్యండి. రూటర్‌కు ఈథర్‌నెట్ తీగతోనే కలపండి. రూటర్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దైతే సెకనుకు 11, 12 ఎంబీ మించదు. గిగాబిట్ అయితే 110 దాకా వస్తుంది. సైనాలజీ బాక్స్ అయితే, బ్రౌజర్‌లో ఫైండ్ డాట్ సైనాలజీ డాట్ కామ్ కొడితే బాక్స్ కనిపిస్తుంది. డీఎస్‌ఎం డిస్కుల మీదే ఇన్‌స్టాల్ అవుతుంది, అప్పుడు వాటిమీద ఉన్నదంతా చెరిగిపోతుంది. 2025 మోడల్‌లో వేరే కంపెనీ డిస్కు వేస్తుంటే 7.3 గానీ ఆపైది గానీ ఎంచుకోండి, పాత వెర్షన్ అయితే అక్కడే ఆగిపోతారు. రెండు బేల బాక్స్‌లో ఎస్‌హెచ్‌ఆర్ (సైనాలజీ సొంత రెయిడ్) గానీ రెయిడ్ 1 గానీ పెట్టండి, ఫైల్‌సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్. రెండు 4 టీబీ డిస్కులు వేస్తే రెండోది మొదటిదానికి కాపీ కాబట్టి ఒకదాని చోటే మిగులుతుంది, అదీ తెరమీద 3.6 చిల్లరే కనిపిస్తుంది. 4 కాస్తా 3.6 కావడం లెక్కకట్టే పద్ధతిలో తేడా, డిస్కులో లోపం కాదు.

మన దగ్గర డిస్కును చంపేవి ఎండ, కరెంటు. మే నెలలో బయట 43 డిగ్రీలు దాటిన రోజు, తలుపులు మూసిన చెక్క అల్మరాలో పెట్టిన నాస్‌లో డిస్కు 50 దాటేస్తుంది. గాలి ఆడేచోట, గోడకు జానెడు ఎడంగా పెట్టి, 45 లోపల ఉండేలా చూసుకోండి. ఇంటి ఇన్వర్టర్‌ను నమ్ముకుంటే, దాని స్విచ్ యూపీఎస్ మోడ్‌లో లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ నాస్ రీస్టార్ట్ అవుతుంది. 600 వీఏ యూపీఎస్ చాలు, కానీ వెనక యూఎస్‌బీ డేటా పోర్టు ఉన్నదే అడిగి తీసుకోండి. చవక రకాల్లో అది ఉండదు. ఆ తీగ నాస్‌కు కలిపి, కంట్రోల్ ప్యానెల్‌లో హార్డ్‌వేర్ అండ్ పవర్, యూపీఎస్ పేజీలో సపోర్ట్ ఆన్ చేసి, 5 నిమిషాలకు సేఫ్ మోడ్ పెట్టండి. తుఫాను రాత్రి కరెంటు పోయినా నాస్ తనంతట తాను సర్దుకుని ఆగుతుంది.

రెయిడ్ ఉందని బ్యాకప్ మానకండి. పొరపాటున ఫోల్డర్ చెరిపితే రెండు డిస్కుల్లోనూ పోతుంది. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నాస్‌ను నేలమీద కాకుండా ఎత్తున పెట్టండి, ఒక కాపీ బయటి డిస్కులో వేసి వేరే ఊళ్లో బంధువుల ఇంట్లో ఉంచండి.

స్టోరేజ్ మేనేజర్‌లో వచ్చే హెచ్చరికల్లో తేడా గుర్తించండి. ‘అన్‌వెరిఫైడ్’ అంటే జాబితాలో లేదని అర్థం, అంతే. ‘క్రిటికల్’ అంటే డిస్కు పోతోందని. స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) వివరాల్లో 5, 197, 198 నంబర్ల విలువలు పెరుగుతుంటే డిస్కు మార్చాలి. 199 పెరుగుతుంటే తప్పు సాధారణంగా తీగదో స్లాటుదో అవుతుంది. డిస్కు తీసి మళ్లీ బిగించి చూడండి.

డిస్కు మార్చే రోజు ముందు బ్యాకప్ తాజా చేయండి. తర్వాత ఏది పోయిందో సీరియల్ నంబరుతో సరిచూసుకుని ఆ ట్రే మాత్రమే లాగండి. తొందరలో బాగున్నది లాగితే పూల్ మొత్తం పడిపోతుంది. కొత్త డిస్కు పాతదానంత గానీ అంతకంటే పెద్దది గానీ ఉండాలి, కొనే రోజున మీ మోడల్ జాబితా మళ్లీ ఒకసారి తెరిచి చూడండి. రిపేర్ నొక్కాక 4 టీబీకి కనీసం ఏడెనిమిది గంటలు పడుతుంది, అంతసేపూ బాక్స్ మీద వేరే పని పెట్టకండి. అది ముగిశాక డేటా స్క్రబ్బింగ్ (డేటా చెడిందేమో వెతికి సరిచేసే పని) ఒకసారి నడపండి.