106 మ్యాచ్‌లు ఓడిన బేస్‌బాల్ టీమ్‌ను ఒక్క చలికాలంలో నిలబెట్టడం ఎలా?

మన ఐపీఎల్ వేలం ఒకటి రెండు రోజుల్లో తేలిపోతుంది. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో వేలమే లేదు. లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ అయిపోయింది మొదలు, ఫిబ్రవరిలో అరిజోనా, ఫ్లోరిడాల్లో ప్రాక్టీసు క్యాంపులు మొదలయ్యేదాకా మూడు నెలలూ బేరాలే. ఆ మూడు నెలల్లో ఏం చేయాలో చూపించడానికి కాన్సాస్ సిటీ రాయల్స్ కథ బాగా పనికొస్తుంది. 2023లో ఆ టీమ్ 162 మ్యాచ్‌లు ఆడి 106 ఓడింది. మరుసటి ఏడాది 86 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది.

1. చిల్లు ఎక్కడుందో ముందు చూడండి

టీమ్ ఓడుతుంటే ఎవరికైనా మొదట తట్టేది ఒకటే: గట్టిగా హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి) కొట్టేవాణ్ని తెద్దాం. నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ ఓటమి ఎక్కడ మొదలవుతోందో లెక్క తీయాలి. బంతి విసిరేవాడు పిచ్చర్, మన బౌలర్ లాంటివాడు. మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్‌ను స్టార్టర్ అంటారు. టీమ్‌కు ఇలాంటివాళ్లు ఐదుగురుంటారు, వంతులవారీగా వేస్తారు. అందులో ఒకడు మూడు ఇన్నింగ్స్‌కే ఆరు పరుగులిచ్చి దిగిపోయాడనుకోండి. మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్ కాబట్టి, మిగతా ఆరూ బుల్‌పెన్‌లో (పిచ్చర్లు వార్మప్ చేసే చోట) కూర్చున్న రిలీవర్ల నెత్తిన, అంటే స్టార్టర్ తర్వాత వచ్చే పిచ్చర్ల నెత్తిన పడతాయి. వాళ్లు అలసిపోతారు, మర్నాటి మ్యాచ్ కూడా చేజారుతుంది. ఒక్కడి వల్ల రెండు రోజులు పోయినట్టే.

రాయల్స్‌కి బ్యాటింగ్‌లో బాబీ విట్ జూనియర్, క్యాచర్‌గా (మన వికెట్ కీపర్ లాంటివాడు) సాల్వడోర్ పెరెజ్ ఉన్నారు. 2023 వేసవిలో అరోల్డిస్ చాప్‌మన్‌ను టెక్సాస్‌కి ఇచ్చి కోల్ రేగన్స్ అనే కుర్ర పిచ్చర్‌ను తెచ్చుకున్నారు. అతని వెనక నిలబడే స్టార్టర్లే లేరు. చిల్లు అదీ.

2. చేతిలో ఎవరున్నారో, ఎంతకున్నారో రాసుకోండి

ఈ ఆటలో జీతం సర్వీసును బట్టి నడుస్తుంది. మొదటి మూడేళ్లు ఆటగాడు దాదాపు కనీస జీతానికే ఆడతాడు. 2024లో అది 7,40,000 డాలర్లు. తర్వాత మూడేళ్లు ఆర్బిట్రేషన్: జీతం దగ్గర మాట కుదరకపోతే మధ్యవర్తులు తేలుస్తారు. ఆరేళ్లు నిండితే ఫ్రీ ఏజెంట్, ఎక్కడికైనా పోవచ్చు. అందుకే చవకగా దొరికే కుర్రాళ్లు ఎంతమంది ఉంటే, బయటివాళ్లకి పెట్టడానికి అంత డబ్బు మిగులుతుంది. ఆర్బిట్రేషన్‌లో అంత ఇవ్వడం దండగ అనుకున్నవాళ్లను నవంబరులోనే వదిలేయాలి. వదిలిన ప్రతి ఒక్కరితో, టీమ్ తనవాళ్లుగా నమోదు చేసుకునే 40 మంది జాబితాలో ఒక ఖాళీ వస్తుంది.

3. పేరు చూసి కాదు, అవసరం చూసి కొనండి

2023 డిసెంబరులో రాయల్స్ ఇద్దరు స్టార్టర్లను తీసుకుంది. సెత్ లూగోకి మూడేళ్లకు 4.5 కోట్ల డాలర్లు, మైకేల్ వాకాకి రెండేళ్లకు 3.2 కోట్లు. ఇద్దరూ ముప్పై దాటినవాళ్లే, పెద్ద స్టార్లు కారు.

లూగో సంగతి కాస్త దగ్గర్నుంచి చూడాలి. అప్పటికి అతనికి 34 ఏళ్లు. న్యూయార్క్ మెట్స్‌లో ఏళ్ల తరబడి ఎక్కువగా రిలీవర్‌గానే వాడారు. 2023లో శాన్ డియేగో అతన్ని స్టార్టర్‌గా దింపితే 146 ఇన్నింగ్స్ వేశాడు, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 3.57 పరుగులే ఇచ్చాడు. వయసు, స్టార్టర్‌గా ఒక్క పూర్తి ఏడాది అనుభవం చూసి మార్కెట్ అతని ధర తగ్గించింది. కానీ చేతిలో ఎనిమిది తొమ్మిది రకాల బంతులున్నవాడు వేగం తగ్గినంత మాత్రాన చేతులెత్తేయడు. పైగా రాయల్స్ సొంత మైదానం కాఫ్‌మన్ స్టేడియంలో అప్పట్లో ఔట్‌ఫీల్డ్ చాలా పెద్దది. వేరే చోట హోమ్ రన్ అయ్యే బంతి అక్కడ క్యాచ్ అయ్యేది. మైదానానికి తగ్గవాణ్ని వెతకడం అంటే ఇదే. 2024లో లూగో 206 ఇన్నింగ్స్ వేసి 16 మ్యాచ్‌లు గెలిచాడు, మేటి పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు.

ఒక జాగ్రత్త: ఇలాంటి ఒప్పందాల్లో ఆప్ట్ అవుట్ ఉంటుంది. ఆటగాడు బాగా ఆడితే మధ్యలోనే లేచి వెళ్లొచ్చు, ఆడకపోతే మిగిలిన డబ్బు మీరు కట్టాల్సిందే.

4. సొంతవాణ్ని కట్టిపడేయండి

2024 ఫిబ్రవరిలో విట్‌తో 11 ఏళ్లకు సుమారు 28.9 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. ఆరేళ్లు నిండేదాకా ఆగి ఉంటే బేరం అతని చేతిలోకి పోయేది. ఆ ఏడాదే అతను .332 సగటుతో అమెరికన్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు.

5. ఎక్కువున్నది ఇచ్చి తక్కువున్నది తెచ్చుకోండి

2024 సీజన్ ముగిసేసరికి పిచ్చర్లు పుష్కలం, ఇన్నింగ్స్ మొదలుపెట్టే లీడాఫ్ బ్యాటర్ మాత్రం కరువు. అందుకే స్టార్టర్ బ్రేడీ సింగర్‌ను సిన్సినాటికి పంపి జోనథన్ ఇండియాను తెచ్చారు (పేరే ఇండియా, మన దేశంతో సంబంధం లేదు). ఆలోచనలో తప్పులేదు. కానీ 2025లో అతని బ్యాట్ పలకలేదు. ట్రేడ్ అంటే అంతే మరి.

డిసెంబరులో జరిగే రూల్ 5 డ్రాఫ్ట్‌నీ వదలొద్దు. వేరే టీమ్ తన 40 మందిలో చేర్చుకోని కుర్రాణ్ని లక్ష డాలర్లకు తీసుకోవచ్చు. షరతు ఏమిటంటే సీజనంతా మెయిన్ టీమ్‌లోనే ఉంచుకోవాలి. ఎక్కువమంది నిలవరు. అయినా 1954లో పిట్స్‌బర్గ్ ఇలాగే, తర్వాత గొప్ప స్టారైన రాబర్టో క్లెమెంటేని పట్టుకుంది.

6. తప్పులకు చోటు ఉంచుకోండి

2023-24 చలికాలంలో రాయల్స్ కొన్నవన్నీ కలిసిరాలేదు. రిలీవర్లుగా తెచ్చిన క్రిస్ స్ట్రాటన్, విల్ స్మిత్ ఇద్దరూ నిరాశపరిచారు. స్మిత్ అంతకుముందు వరసగా మూడేళ్లు మూడు వేర్వేరు టీమ్‌లతో వరల్డ్ సిరీస్ గెలిచినవాడు! అదృష్టజాతకుడని మురిసినవాళ్లలో నేనూ ఉన్నాను. 2024 జులై వచ్చేసరికి బుల్‌పెన్ సంగతి తేలిపోవడంతో, ట్రేడ్ల గడువు ముగిసేలోగా ఓక్లండ్ నుంచి లూకస్ ఎర్సెగ్‌ను తెచ్చుకున్నారు. అక్టోబరులో ప్లేఆఫ్స్ మొదటి రౌండైన వైల్డ్ కార్డ్‌లో బాల్టిమోర్‌ను 1-0, 2-1తో ఓడించినప్పుడు రెండు మ్యాచ్‌ల్లోనూ ఆఖరి బంతి వేసింది ఆ ఎర్సెగే.