పెళ్లిళ్ల సీజన్‌కు ముందు పేగుల విషయంలో జాగ్రత్తలు

మాఘం మొదలైందంటే హైదరాబాద్‌లో ఫంక్షన్ హాళ్లు ఖాళీ ఉండవు. వారానికి రెండు మూడు దావత్‌లు, వడ్డన మొదలయ్యేసరికి రాత్రి పదిన్నర. సీజన్ అయ్యాక ప్యాంటు బిగుసుకుంటే నేరమంతా బిర్యానీ మీద వేస్తారు. మేం చూసినంతలో తప్పు ఎక్కువగా జరిగేది దావత్‌కు ముందు మధ్యాహ్నం, ఆ మర్నాడు పొద్దున.

రాత్రి బాగా తినొచ్చని మధ్యాహ్నం భోజనం మానేస్తారు. జీర్ణాశయం ఖాళీగా ఉంటే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. ఆకలిని రేపేది అదే. ‘ఇక చాలు’ అని మెదడుకు చెప్పే జీఎల్‌పీ-1, పీవైవై హార్మోన్లు మాత్రం ఆహారం పేగుల్లోకి దిగుతుంటేనే విడుదలవుతాయి. కడుపు నిండిన సంగతి తెలియడానికి 20 నిమిషాల దాకా పడుతుంది. మాడిన కడుపుతో కూర్చున్నవాళ్లు ఆ లోపే రెండో ప్లేటు పెట్టించుకుంటారు. కాబట్టి మధ్యాహ్నం మామూలుగా తినండి. సాయంత్రం ఆరు, ఏడు మధ్య ఒక చిన్న గిన్నెడు ఉడికించిన శనగలు, ఒక గ్లాసు పల్చటి మజ్జిగ తీసుకుని బయల్దేరండి.

హాల్లో ఏది ముందు తింటారన్నది ముఖ్యం. కూరగాయలు, చికెన్ లేదా పప్పు, పనీర్ ముందు. అన్నం, బిర్యానీ ఆ తర్వాత. డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠాల్లో ఏదో ఒకటే, అదీ చివర్లో. పీచు, మాంసకృత్తులు ముందుగా లోపలికి పోతే జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. రాత్రిపూట ఇన్సులిన్ పగటి అంత చురుగ్గా పనిచేయదు కాబట్టి, మధ్యాహ్నం ఇబ్బంది పెట్టని ప్లేటే రాత్రి పదకొండుకు ఎక్కువ చక్కెర పెంచుతుంది. కోసిపెట్టి గంటలు గడిచిన కీరా, ఉల్లిగడ్డ ముక్కల జోలికి పోవద్దు, ఉడికిన కూరే మేలు. చేయి కడుక్కున్నాక 10–15 నిమిషాలు నడవండి. కూల్‌డ్రింక్ తాగితే అరుగుతుందన్నది నిజం కాదు.

సన్నాహం రెండు వారాల ముందు మొదలవ్వాలి. మనం అరిగించుకోలేని పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలు తయారుచేస్తుంది. పెద్దపేగు గోడ కణాలకు అదే ముఖ్యమైన ఇంధనం. ఒక పూట అన్నం బదులు జొన్న రొట్టె, రోజూ గోరుచిక్కుడో తోటకూర పప్పో ఉండేలా చూసుకోండి. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం, గ్యాస్ తప్పవు. మొదటి వారం ఒక పూట, రెండో వారం రెండు పూటలు చాలు. ఇసబ్‌గోల్ వాడితే ఒక చెంచాకు నిండు గ్లాసు నీళ్లు తప్పనిసరి, తక్కువైతే గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది.

బరువు తగ్గిస్తాయని అమ్మే ప్రోబయోటిక్ గోళీలకు డబ్బు పెట్టొద్దు. లావు ఎలుకల పేగు బ్యాక్టీరియాను బ్యాక్టీరియా లేని ఎలుకల్లోకి ఎక్కిస్తే వాటికి కొవ్వు ఎక్కువ పెరిగిందని 2006లో అమెరికా శాస్త్రవేత్త జెఫ్రీ గోర్డన్ బృందం చూపిన మాట నిజమే. మనుషుల్లో ఆ లెక్క అంత తేలిగ్గా కుదరలేదు.

షుగర్‌కు గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్లకు ఆలస్యమే అసలు ప్రమాదం. ఎనిమిదింటికి గోళీ మింగి పదకొండింటికి తింటే ఈలోపు చక్కెర 70 కిందకు పడిపోవచ్చు. ఆ రోజు గోళీ ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ను ముందే అడగండి. చెమటలు, వణుకు వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించుకోండి. బరువు కోసం సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లలో జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది. నూనె, నెయ్యి తేలే ప్లేటు నిండా తింటే వాంతులవుతాయి, డోసు పెంచిన వారాల్లో మరీ ఎక్కువ. పావు ప్లేటుతో ఆపండి. వీపులోకి పాకే తీవ్రమైన కడుపునొప్పి తగ్గకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మర్నాడు పొద్దున తూకం యంత్రం ఎక్కి కిలోన్నర పెరిగిందని హడలిపోయి ఆ రోజంతా పస్తుండేవాళ్లున్నారు. ఒక కిలో కొవ్వు చేరాలంటే సుమారు 7,700 కేలరీలు మిగలాలి. ఒక్క దావత్‌తో అది కాదు. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది, ఒంట్లో చక్కెర నిల్వ ఉండే రూపమైన గ్లైకోజెన్ ప్రతి గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది, పేగుల్లో ఇంకా నిన్నటి భోజనం ఉంటుంది. పస్తుంటే రాత్రికి మళ్లీ అదే మాడిన కడుపు, అదే రెండో ప్లేటు. ఇడ్లీ, సాంబారుతో రోజు మొదలుపెట్టి, నాలుగో రోజు పొద్దున్నే మలవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు తూచుకోండి. దాంతోపాటు నడుము కూడా టేపుతో కొలవండి: మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు మన భారతీయులకు గీసిన గీత.