విదేశీ కరెన్సీని తక్కువ ఖర్చుతో మార్చుకోవడం ఎలా?

విదేశాలకు వెళ్లే ముందు డబ్బు మార్చుకునేటప్పుడు చాలామంది అడిగే మొదటి ప్రశ్న "కమిషన్ ఎంత?" అని. అందుకే కొన్ని దుకాణాలు "జీరో కమిషన్" అని బోర్డు పెడతాయి. కానీ వాళ్ల లాభమంతా రేటులోనే ఉంటుంది. మీరు అడగాల్సింది ఒక్కటే: "వెయ్యి డాలర్లు నా చేతికి రావాలంటే జీఎస్టీతో కలిపి మొత్తం ఎంత కట్టాలి?"

1. అసలు రేటు చూసుకోండి

గూగుల్‌లో కనిపించేది బ్యాంకులు తమలో తాము కొని అమ్ముకునే రేటు. ఆ రేటుకు మనకు నోట్లు ఎవరూ ఇవ్వరు, దానికి ఎంత దగ్గరగా ఇస్తారన్నదే చూడాలి. ఉదాహరణకు డాలరు 90 రూపాయలు ఉందనుకుందాం. ఊళ్లో దుకాణం 91కి ఇస్తే వెయ్యి డాలర్లకు అదనంగా పడేది 1,000 రూపాయలు. విమానాశ్రయం కౌంటర్లో 95 చెబితే 5,000. జీఎస్టీకి అంత టెన్షన్ పడక్కర్లేదు. సాధారణంగా లక్ష రూపాయలు మారిస్తే 180 రూపాయలే అవుతుంది.

2. ఒకే రోజు రెండు మూడు చోట్ల అడగండి

రేటు రోజంతా మారుతూ ఉంటుంది కాబట్టి నిన్న ఒకరు చెప్పింది, ఇవాళ ఇంకొకరు చెప్పింది పోల్చి లాభం లేదు. మీ బ్యాంకుకు, ఒకటి రెండు మనీ ఛేంజర్ దుకాణాలకు గంట వ్యవధిలో ఫోన్ చేయండి. మీరు ఎంత మార్చుతారో ముందే చెబితే కొంత తగ్గిస్తారు, మొహమాటపడకుండా బేరమాడండి. రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గరే కొనండి. పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్ కార్డు అడుగుతారు. 50,000 రూపాయలు దాటితే నగదు కుదరదు, బ్యాంకు ద్వారానే చెల్లించాలి. తెలిసినవాళ్ల ద్వారా బిల్లు లేకుండా కొంటే నాలుగు డబ్బులు మిగలొచ్చు గానీ అది చట్టవిరుద్ధం. పైగా దొంగనోటు వస్తే అడిగే దిక్కుండదు.

3. ఏ కరెన్సీ ఇక్కడ కొనాలి, ఏది అక్కడ?

ఎక్కువ డబ్బు మిగిలేది ఈ విషయంలోనే. డాలర్లు, యూరోలు, పౌండ్లు, దిర్హమ్‌లు, సింగపూర్ డాలర్లు హైదరాబాద్‌లో తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి వాటిని ఇక్కడే కొనుక్కోవచ్చు. థాయ్ బాత్, వియత్నాం డాంగ్ లాంటివాటికి గిరాకీ తక్కువ, అందుకే దుకాణదారు తేడా ఎక్కువ పెట్టుకుంటాడు. అలాంటి దేశాలకు వెళ్లేటప్పుడు డాలర్లు తీసుకెళ్లి అక్కడ మార్చుకోవడమే చాలాసార్లు లాభం. రెండుసార్లు మార్చినా సరే. అయితే వెళ్లేముందు లెక్క వేసి చూడండి: రూపాయల్లో నేరుగా బాత్ కొంటే ఎన్ని వస్తాయి, డాలర్ల మీదుగా అయితే ఎన్ని?

బ్యాంకాక్‌లో దిగగానే అరైవల్స్ దగ్గర కనిపించే కౌంటర్లో మార్చకండి. సువర్ణభూమి విమానాశ్రయంలోనే కింద, సిటీ రైలు స్టేషన్ ఉన్న అంతస్తులో సూపర్‌రిచ్ లాంటి దుకాణాలు ఉంటాయి, పైన కంటే అక్కడ మెరుగైన రేటు దొరుకుతుంది. ఇంకో సంగతి, థాయ్‌లాండ్‌లో వంద డాలర్ల నోటుకు ఇచ్చే రేటు చిన్న నోట్లకు ఇవ్వరు. చిరిగినవి, రాతలున్నవి అసలే తీసుకోకపోవచ్చు. అందుకే ఇక్కడ కొనేటప్పుడే శుభ్రమైన వంద డాలర్ల నోట్లు అడిగి తీసుకోండి. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే అమ్మానాన్నలకు మాత్రం కొన్ని చిన్న నోట్లు ఇవ్వండి, దారిలో ఏదైనా కొనుక్కోవాలంటే వందనోటుతో ఇబ్బంది పడతారు.

4. మొత్తం నోట్లుగా పట్టుకెళ్లకండి

చాలా దేశాలకు ఒక ప్రయాణంలో నోట్ల రూపంలో 3,000 డాలర్ల విలువ వరకే తీసుకెళ్లనిస్తారు. మిగతాది ఫారెక్స్ కార్డులో, అంటే ముందే విదేశీ కరెన్సీ నింపుకునే కార్డులో, వేసుకోండి. కార్డులో ఏ కరెన్సీ వేశారో అందులోనే ఖర్చు పెట్టాలి. డాలర్లు వేసి యూరోల్లో గీకితే మళ్లీ మార్పిడి చార్జీ పడుతుంది. మామూలు క్రెడిట్ కార్డు మీద 2 నుంచి 3.5 శాతం దాకా మార్కప్ (రేటు మీద బ్యాంకు వేసుకునే అదనపు చార్జీ), దాని మీద జీఎస్టీ ఉంటాయి. మార్కప్ లేని కార్డులూ ఉన్నాయి, ముందే మీ బ్యాంకును అడగండి. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో మాత్రం డబ్బు తీయొద్దు, ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

5. మెషీన్ "రూపాయల్లోనా?" అని అడిగితే వద్దనండి

విదేశాల్లో కార్డు గీకినప్పుడు, ఏటీఎంలో తీసినప్పుడు కూడా, రూపాయల్లో చెల్లిస్తారా, స్థానిక కరెన్సీలోనా అని తెర మీద వస్తుంది. రూపాయలు చూడగానే ధైర్యంగా అనిపిస్తుంది గానీ ఆ రేటు నిర్ణయించేది అవతలివాళ్లు, సాధారణంగా మనకు నష్టమే. ఎప్పుడూ స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. థాయ్‌లాండ్‌లో విదేశీ కార్డుతో తీసిన ప్రతిసారీ ఏటీఎం చార్జీ 200 బాత్‌లు దాటుతుంది కాబట్టి చిన్న మొత్తాలు పదేపదే తీయకండి.

6. మిగిలిన డబ్బు

నాణేలను ఇక్కడ దాదాపు ఎవరూ కొనరు, తిరుగు ప్రయాణానికి ముందే ఖర్చు పెట్టేయండి. నోట్లు 2,000 డాలర్ల విలువ వరకు మీ దగ్గరే ఉంచుకోవచ్చు. అంతకు మించితే వచ్చిన 180 రోజుల్లోగా తిరిగి అమ్మాలి. కొన్నప్పటి బిల్లు పారేయకండి, అమ్మేటప్పుడు అడగొచ్చు.