సెషన్ టేపుల సేకరణ – నాలుగో పాఠం: పాట వెనకాల హమ్

పోయిన పాఠంలో మీ దగ్గరున్న ఒక్కో రికార్డింగుకు వంశవృక్షం రాయమన్నాను. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, ఏ మిషన్ మీద కాపీ అయింది, అన్నీ. రాయడానికి కూర్చున్నాక చాలామంది రెండో గడి దగ్గరే ఆగిపోయి ఉంటారు. డబ్బా మీద "మాస్టర్ (అసలు టేపు) నుంచి మొదటి కాపీ" అని ఉంటుంది. రాసినవాళ్ళెవరో ఉండదు. అడిగితే "నాకు వచ్చినప్పుడే అట్ల రాసుండె" అంటారు. కాబట్టి ఈసారి డబ్బాను పక్కన పెట్టి, టేపునే అడుగుదాం. పాటను కాదు, పాట వెనకాల ఉండే గుయ్‌మనే రొదను, అంటే హమ్‌ను.

కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. ఈ పాఠాలన్నిటికీ మనం తీసుకున్న ఉదాహరణ ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ 1969 జనవరి సెషన్లు. ఆ నెల 2న ట్వికెన్‌హామ్ ఫిల్మ్ స్టూడియోలో మొదలై, తరవాత లండన్ సావిల్ రోలోని వాళ్ళ సొంత ఆపిల్ ఆఫీసు నేలమాళిగకు మారాయి. 30న అదే భవనం మిద్దె మీద కచేరీ, 31తో సరి. సినిమా తీస్తున్నారు కాబట్టి కెమెరాలతో పాటు నాగ్రా అనే రీలు టేప్ రికార్డర్లు రెండు తిరుగుతూ ఉండేవి. ఒక్కో రీలు దాదాపు 16 నిమిషాలు. ఒకదాంట్లో రీలు మార్చేటప్పుడు రెండోది నడిచేది. అందుకే పాటతో పాటు మాటలు, అలకలు, దగ్గులు, టీ కప్పుల చప్పుడు కూడా టేపులోకి ఎక్కాయి. ఇవి ఎట్లనో బయటికి పొక్కి, కాపీల మీద కాపీలై ప్రపంచమంతా తిరిగాయి. 2003 జనవరిలో ఇంగ్లండ్‌లో, నెదర్లాండ్స్‌లో పోలీసులు దాడులు చేసి 500 దాకా అసలు టేపులు పట్టుకున్నారు. అప్పటికే కాపీలు తిరుపతి దాకా వచ్చేసి ఉన్నాయి.

మా ఇంట్లో మొదటిసారి ఆ టేపు పెట్టినప్పుడు ఒకే పాటను మొదలుపెట్టడం, ఆపడం, మళ్ళీ మొదలుపెట్టడం విని మా అవ్వ వంటింట్లో నుంచి, "వాళ్ళకి ఇంకా పాట రాలేదా నాయనా?" అంది. సెషన్ టేపు అంటే ఏమిటో ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఇక ఈ పాఠం నేను నేర్చుకున్న తీరు. చిత్తూరులో గాంధీ బొమ్మకు కొంచెం దూరంలో ఒక టీ అంగడిలో, నాకంటే పదేళ్ళు పెద్దవాడైన ఒక అన్నతో మార్పిడి కుదిరింది. ఆయన దగ్గర ట్వికెన్‌హామ్ రోజుల రికార్డింగులు నాలుగు సీడీలు. నా దగ్గర మా నాయన గుడి పందిట్లో రికార్డు చేసిన హరికథ క్యాసెట్లు. ఆయనకు అవి కావాలి, నాకు ఇవి. రూపాయి చేతులు మారలేదు, మారకూడదు కూడా. నాలుగు సీడీల మీదా చక్కని అక్షరాలతో "మొదటి జనరేషన్", అంటే మాస్టర్ నుంచి నేరుగా తీసిన కాపీ అని. తిరుపతి బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. వారంలోపల ముగ్గురికి కాపీలు తీసి, అదే మాట నా చేత్తో రాసి పంపాను.

తరవాత ఒకరోజు పాటలు నడిపే నా డెక్ బాగు చేయించుకుంటూ, పరీక్షకని ఆ సీడీనే పెట్టాను. రేడియోలు, టేప్ రికార్డర్లు బాగు చేసే ఆ పెద్దాయనకు ఇంగ్లీషు పాటలంటే ఏ మాత్రం ఇష్టం లేదు. పాటకు పాటకు మధ్య నిశ్శబ్దంలో తల పైకెత్తి, "ఇది ఒక మిషన్లో పుట్టింది కాదు నాయనా. రెండు హమ్‌లు కొట్టుకుంటా ఉండాయి, ఇను" అన్నాడు.

విన్నాను. నిజమే. గుయ్‌మనే సన్నటి రొద ఉండుండి పెరుగుతోంది, తగ్గుతోంది. సెకనుకు మూడుసార్లు. రెండు తంబూరాలు ఒక వెంట్రుక తేడాతో శ్రుతి చేసినప్పుడు నాదం ఊగుతుందే, అట్లా.

ఆ హమ్ ఎక్కడిదో ముందు తెలుసుకోవాలి. గంగమ్మ జాతరలో మైకుసెట్టు ఆన్ చేయగానే, ఎవరూ మాట్లాడకముందే వచ్చే గుయ్ మీకు తెలుసు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడితే వినిపించేదీ దాని చుట్టమే. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఇంగ్లండులోనూ 50 హెర్ట్జే. అమెరికాలో 60. కరెంటుతో నడిచే యాంప్లిఫయర్, టేప్ రికార్డర్ ఏదైనా తన ముద్రను ఎంతో కొంత టేపు మీద వేస్తుంది. 50 దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర, 150 దగ్గర. చిన్న స్పీకర్లలో 50 వినపడదు, 100 వినపడుతుంది. నాగ్రా బ్యాటరీలతో నడిచేది కదా అని మీకు సందేహం రావచ్చు. మంచి సందేహమే. ఆ టేపుల్లోని తొలి హమ్ రికార్డరుది కాదు. గదిలోని గిటార్ యాంప్లిఫయర్లది, మైకు పట్టింది.

ఇప్పుడు పని. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అది చాలు. పాట లేని చోటు వెతకండి. ఎవరో గిటారు కింద పెట్టి సిగరెట్ వెలిగించుకునే చోటైతే మరీ మంచిది. కనీసం రెండు మూడు సెకన్లు ఎంచుకుని ప్లాట్ స్పెక్ట్రమ్ తెరవండి. ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో గీతలో కనపడుతుంది, శబ్దం ఎక్కువున్న చోట మొన లేస్తుంది. సైజు గడిలో ఉన్న చిన్న సంఖ్యను 65536కి మార్చండి. ఇది మరిచిపోతే పాఠమంతా వృథా. 4096 దగ్గర వదిలేస్తే ఒక్కో మెట్టు దాదాపు 11 హెర్ట్జ్ వెడల్పు ఉంటుంది, 50కీ 51.5కీ తేడా అందులో మునిగిపోతుంది. 65536 దగ్గర మెట్టు ముప్పాతిక హెర్ట్జ్ లోపే.

నా సీడీలో కనపడింది ఇది. 50 దగ్గర ఒక మొన. 51.5 దగ్గర ఇంకో మొన. 100, 103 దగ్గర వాటి పిల్లలు. పెద్దాయన చెవికి తగిలిన ఊపు ఈ 100, 103 మధ్య తేడానే, సెకనుకు మూడు. ఇంకా కిందికీ పైకీ చూస్తే 61.8 దగ్గర సన్నటి మూడో మొన. గుండె జారింది.

దీన్ని ఇట్లా చదవాలి. సరిగ్గా 50 దగ్గరున్నది చివరి మిషన్‌ది, దాని తరవాత వేగం మారలేదు. 51.5 దగ్గరున్నది పుట్టినప్పుడు 50లోనే పుట్టింది. తరవాత ఏదో డెక్ టేపును 3 శాతం వేగంగా నడిపింది కాబట్టి పైకి జరిగింది. 61.8ని 60తో భాగించండి, అదీ 3 శాతమే. అంటే ఆ వేగపు డెక్ దగ్గరికి రాకముందే ఈ టేపు అమెరికాలాంటి 60 హెర్ట్జ్ దేశంలో ఒకసారి కాపీ అయింది. లండన్‌లో పుట్టి, అట్లాంటిక్ దాటి, ఎక్కడో వేగంగా తిరిగి, మళ్ళీ ఒక 50 హెర్ట్జ్ దేశంలో దిగింది. మొదటి జనరేషన్ అంట!

ఒక్కో మొన ఒక్కో మిషన్ అని లెక్క. గదిలో పుట్టిన తొలి హమ్ మొనను తీసేస్తే, తక్కువలో తక్కువ అన్ని కాపీలు. ఒకే వేగంలో నడిచిన రెండు మిషన్ల మొనలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి కాబట్టి అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉండొచ్చు, తక్కువ మాత్రం ఉండదు.

వేగం సరిచేయడం తేలికే. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం సుమారు 6 శాతం, కాబట్టి 3 శాతం అంటే అందులో సగం. ఏ శ్రుతికీ చెందకుండా మధ్యలో వేలాడే పాట, వింటుంటే పంటి కింద రాయిలా ఉంటుంది. 51.5 దగ్గరున్న పాత మొనను 50కి దించాలి. చాలామంది ఇక్కడ మైనస్ 3 అని కొట్టేస్తారు. 50ని 51.5తో భాగిస్తే 0.971 వస్తుంది. ఆ గుణకమే ఇవ్వండి, అంటే 2.9 శాతం తగ్గింపు. మార్చాల్సింది వేగం, టెంపో కాదు. టెంపో ఒక్కటే మారిస్తే శ్రుతి అక్కడే ఉండిపోతుంది. సరిచేశాక 50 దగ్గరున్న చివరి మిషన్ మొన 48.5కి పోతుంది, పోనీండి. దానితో మనకు పని లేదు.

మూడు చోట్ల కాలు జారుతుంది, మూడింటిలోనూ నేను జారాను. ఒకటి, బేస్ గిటారులో జి స్వరం 49 హెర్ట్జ్. పాట నడిచే చోట కొలిస్తే హమ్ దొరికిందని సంబరపడి బేస్ గిటారును కొలుస్తారు. అందుకే నిశ్శబ్దం వెతకమన్నది. రెండు, కరెంటే తప్పులో ఉండొచ్చు. తొంభైలలో మన దక్షిణాది గ్రిడ్ సాయంత్రం లోడు ఎక్కువైనప్పుడు 49 కంటే కిందికి జారేది. ఆ రోజుల్లో రాత్రి ఎనిమిదికి తిరుపతిలో తీసిన కాపీలో 48.7 కనపడితే డెక్‌ను తిట్టకండి. అదే టేకు అధికారికంగా విడుదలై ఉంటే దాని పక్కన పెట్టి శ్రుతి పోల్చుకోండి.

మూడోది కొంచెం సున్నితం. కొన్నిసార్లు వేగం మార్చింది కళాకారులే. 1967లో వచ్చిన "వెన్ ఐయామ్ సిక్స్టీ ఫోర్" ఒకటో శ్రుతిలో రికార్డయింది, గొంతు కుర్రగా ఉండాలని టేపు వేగం పెంచి ఒకటిన్నరకు తెచ్చారు. "స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్"లో ఏడో టేకును, 26వ టేకును కలిపి కుట్టడానికి ఒకదాని వేగం పెంచి, ఇంకోదాని వేగం తగ్గించారు. ఇట్లాంటి వాటిలో హమ్‌ను పట్టుకుని 50కి లాగితే, మీరు సరిచేసింది తప్పును కాదు, వాళ్ళ పనిని. ఏదో సేవ చేస్తున్నామనుకుని ఇట్లా చెడగొట్టినవాళ్ళను చూశాను. విడుదలైన పాట తీరులోనే వదిలేసి, కొలత మాత్రం పక్కన రాసి పెట్టుకోండి.

కింది హెర్ట్జ్‌లు చూశాం, ఇప్పుడు ఒకసారి పై హెర్ట్జ్‌లు కూడా. ట్రాక్‌ను స్పెక్ట్రోగ్రామ్‌గా, అంటే హెర్ట్జ్‌లను కింది నుంచి పైకి చూపే బొమ్మగా మార్చి చూడండి. క్యాసెట్ బుస పైకి పోయేకొద్దీ మెల్లగా పలచబడుతుంది. అట్లా కాకుండా 16 వేల హెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే, మధ్యలో ఎక్కడో ఎంపీత్రీగా మారి వచ్చింది. ఇప్పుడు ఫ్లాక్ (నాణ్యత తగ్గించని ఫైలు రకం) చొక్కా తొడుక్కుని కూర్చున్నా పోయింది తిరిగి రాదు. 19 వేల దగ్గర గీత గీసినట్టు సన్నటి రేఖ ఉంటే ఎఫ్ఎం స్టీరియో ప్రసారం నుంచి పట్టింది. 15,625 దగ్గర గీత ఉంటే టీవీ పక్కన కూర్చుని కాపీ తీశారు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ చేసే ఈల అది. చిన్నప్పుడు మనకు వినపడేది, ఇప్పుడు వినపడదు. తెర మీద చూసి నమ్మాల్సిందే.

నా సీడీలో 16 వేల దగ్గర కోత కూడా ఉంది.

అంతా తేలాక ముగ్గురికీ ఫోన్ చేసి, మొదటి జనరేషన్ అన్నది అబద్ధం, కొట్టేయండి అని చెప్పాను. ఒకాయన నవ్వాడు, ఒకాయన ఆర్నెల్లు మాట్లాడలేదు. చిత్తూరు అన్నకు చెప్పడానికే టెన్షన్ పడ్డాను. ఆయన కాసేపు ఊరుకుని, "నాకిచ్చినాయనకు నేను రెండు నెలల జీతం పెట్టి కొన్న రికార్డు ఇచ్చినాను కదబ్బా" అన్నాడు. ఏం చెప్తాం.

కాబట్టి ఇక నుంచి మార్పిడికి ముందు అవతలివాళ్ళను రెండు నిమిషాల ముక్క అడగండి. పాట ముక్క కాదు, మాటల ముక్క. అది ఇవ్వడానికి వెనకాడేవాళ్ళతో బేరం వద్దు. మీరు ఇచ్చేటప్పుడు ఫైళ్ళతో పాటు ఒక చిన్న కాగితం పెట్టండి: కొలిచిన మొనలు, వేగం మార్చారా లేదా, మారిస్తే ఎంత, మార్చని అసలు ఫైలు మీ దగ్గర ఉందా. ఫైలుకు వేలిముద్ర లాంటి ఎండీఫైవ్ సంఖ్య కూడా రాస్తే ఫైలు దారిలో మారిందో లేదో తెలుస్తుంది. "మొదటి జనరేషన్" లాంటి మాట మీరు కళ్ళారా చూస్తేనే రాయండి.

ఇంకోటి, మొదటి పాఠంలో చెప్పిందే. ఈ టేపుల మీద హక్కు మనది కాదు, అమ్మితే దొంగసొమ్ము వ్యాపారమే. అధికారికంగా వచ్చినదాన్ని మార్పిడి జాబితాలోంచి తీసేసి కొనుక్కోండి. 2013 డిసెంబరులో బీటిల్స్ సంస్థే 1963 నాటి విడుదల కాని రికార్డింగులు 59 ఐట్యూన్స్‌లో పెట్టింది. యాభై ఏళ్ళు విడుదల చేయకుండా ఉంచితే ఐరోపా చట్టంలో రక్షణ పోతుందని. ఆ రోజే నా జాబితాలోంచి వాటిని కొట్టేశాను. నాణ్యత కూడా వాళ్ళదే మెరుగు, ఒప్పుకోక తప్పదు.

ఇంటిపని. దీనికి బీటిల్స్ అక్కర్లేదు. ఇంట్లో ఏదో ఒక పాత క్యాసెట్ ఉంటుంది: పెళ్ళి పాటలు, నాయన గొంతు, పందిట్లో హరికథ. పెన్సిల్‌తో బిగువు సరిచేసి, హెడ్ తుడిచి, కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఎవరూ మాట్లాడని మూడు సెకన్లు వెతికి మొనలు కొలవండి. 50 పక్కన ఇంకోటి దొరికితే రెండూ రాయండి. ఏదీ దొరక్కపోతే "వెతికాను, దొరకలేదు" అని తేదీ వేసి రాయండి, గడి ఖాళీగా వదలొద్దు. ఐదో పాఠానికి చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి దగ్గర పెట్టుకోండి, డెక్ హెడ్ పక్కనున్న మరను తిప్పబోతున్నాం. అంతవరకు దాన్ని ముట్టుకోకండి.