ఇంగ్లండ్‌లో మన పెరటి చెట్టు కొమ్మ కొట్టించాలంటే

మా ఇంటి వెనక గార్డెన్ చివర ఒక ఓక్ చెట్టు ఉంది. ఇద్దరం చేతులు చాచి పట్టుకుంటే గానీ దాని మాను చుట్టూ అందదు. మేం ఇల్లు కొన్న మూడో శీతాకాలానికి ఒక కొమ్మ సాగి సాగి పైకప్పు దాకా వచ్చింది. గాలి వీచిన రాత్రల్లా పైకప్పు అంచున వాననీళ్ళు పోయే గట్టర్‌ని గీకేది, మా పాప ఉలిక్కిపడి లేచేది. వీడియో కాల్‌లో నాన్నకి చూపిస్తే, "మన పెరట్లో చెట్టుకి ఇంకొకళ్ళ పర్మిషన్ ఏంట్రా? ఓ మనిషిని పిలిచి కొట్టించెయ్" అన్నారు. ఆయన చిన్నప్పటి నుంచి చూసిన పద్ధతి అదే. కానీ ఇంగ్లండ్‌లో మా ఓక్ లాంటి రక్షణ ఉన్న చెట్టు కొమ్మ మీద రంపం పెట్టాలంటే ముందు కౌన్సిల్, అంటే ఊరి స్థానిక పాలక సంస్థ, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నాకు ఆ ఒప్పుకోలు రెండో ప్రయత్నంలో దొరికింది. మొదటిసారి ఎక్కడ తప్పు చేశానో చెబితే మీకు ఆ నెలలు కలిసొస్తాయని రాస్తున్నాను.

ముందు మీ చెట్టుకి రక్షణ ఉందో లేదో తేల్చుకోండి. ఒక చెట్టు వల్ల ఆ చుట్టుపక్కలకి అందం, నీడ ఉన్నాయనుకుంటే కౌన్సిల్ దాని మీద 'ట్రీ ప్రిజర్వేషన్ ఆర్డర్' పెట్టగలదు. అందరూ టీపీవో అంటారు. దీనికి ఆధారం 1990 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం, దరఖాస్తుల పద్ధతంతా 2012 నిబంధనల్లో ఉంది. ఇల్లు కొన్నప్పుడు సొలిసిటర్ (లాయరు) పంపిన లోకల్ సెర్చ్ కాగితాల్లో, అంటే ఆ ఇంటి గురించి కౌన్సిల్ రికార్డుల్లో ఉన్నది చెప్పే కాగితాల్లో, టీపీవో సంగతి ఉంటుంది. మా కాగితాల్లోనూ ఉంది, ఆ టెన్షన్‌లో మేం చదవలేదు. చాలా కౌన్సిళ్ళ వెబ్‌సైట్లలో మ్యాప్ కూడా ఉంటుంది. మ్యాప్‌తో ఆగకుండా ఆర్డర్ కాపీ అడిగి తీసుకోండి. అందులో చెట్టు ఒక్కటే అయితే టీ, గుంపుగా ఉంటే జీ, మొత్తం ఆవరణ అయితే ఏ, అడవి అయితే డబ్ల్యూ అని రాసి పక్కన నంబర్ వేస్తారు. మాది టీ3. ఏ అని ఉంటే ఆర్డర్ వేసిన నాటికి అక్కడున్న చెట్లకే రక్షణ. డబ్ల్యూ అయితే ఆ తర్వాత మొలిచిన మొక్క కూడా లెక్కలోకి వస్తుంది.

టీపీవో లేకపోయినా మీ వీధి 'కన్జర్వేషన్ ఏరియా'లో, అంటే పాత రూపాన్ని కాపాడటానికి గుర్తించిన ప్రాంతంలో, ఉండొచ్చు. అప్పుడు నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో మాను మందం 75 మిల్లీమీటర్లు దాటిన చెట్టు ఏదైనా సరే, పని మొదలుపెట్టడానికి ఆరు వారాల ముందు కౌన్సిల్‌కి నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసుని కౌన్సిల్ తిరస్కరించలేదు. ఆపాలనుకుంటే చెట్టు మీద కొత్తగా టీపీవో వేస్తుంది. ఆరు వారాలూ ఏ కబురూ లేకుండా గడిచిపోతే పని చేసుకోవచ్చు.

కొమ్మలు కొట్టడం ఒక్కటే 'పని' కాదు. వేర్లు నరకడమూ పనే. పేషియో (ఇంటి పక్కన రాళ్ళు పరిచిన చోటు) కోసం తవ్వుతూ లావు వేరు తెంపినా చట్టం ముందు అది చెట్టుకి చేసిన హానే. పక్కింటి చెట్టు కొమ్మ మీ వైపు వేలాడుతుంటే హద్దు దాకా కత్తిరించే హక్కు మామూలుగా మీకు ఉంటుంది, ఆ చెట్టుకి టీపీవో ఉంటే మాత్రం మీరూ దరఖాస్తు పెట్టాల్సిందే. ఎక్స్‌టెన్షన్ కట్టేవాళ్ళకి ఇంకో మాట. ఫుల్ ప్లానింగ్ పర్మిషన్ ఉండి, ఆ కట్టడానికి చెట్టు తప్పనిసరిగా అడ్డమైతే వేరే దరఖాస్తు అక్కర్లేదు. ప్లానింగ్ దరఖాస్తు లేకుండానే కట్టుకోనిచ్చే 'పర్మిటెడ్ డెవలప్‌మెంట్' కింద కడుతుంటే ఈ మినహాయింపు మీకు వర్తించదు.

ఇక అసలు దరఖాస్తు. ఫీజు లేదు. ప్లానింగ్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా పెట్టొచ్చు, కౌన్సిల్ దగ్గర ఫారం తీసుకుని నింపినా సరే. నేను మొదటిసారి "కొమ్మలు 30 శాతం తగ్గించాలి, ఇంటి మీదకి వస్తున్నాయి" అని రాసి పంపాను. పనేమిటో స్పష్టంగా లేదని వెనక్కి వచ్చింది. అప్పుడు చిరాకేసింది. తర్వాత చెట్టు కింద నిలబడి పైకి చూస్తే వాళ్ళ మాట అర్థమైంది. 30 శాతం దేంట్లో? ఎత్తులోనా, వెడల్పులోనా, ఆకుల్లోనా? ఆ ముక్క పట్టుకుని ఒకడు నాలుగు రెమ్మలు తీస్తాడు, ఇంకొకడు చెట్టుని మోడు చేసి వెళ్ళిపోతాడు. చెట్ల పనికి ఇక్కడ బీఎస్ 3998 అనే ప్రమాణం ఉంది, అది కూడా శాతాల్లో కాకుండా మీటర్లలో చెప్పమంటుంది. పని అయ్యాక చెట్టు ఎలా ఉండాలో చదివినవాళ్ళ కళ్ళకి కట్టాలి.

రెండోసారి టేపు పట్టుకుని కొలిచాను. ఇంగ్లిష్‌లో నేను రాసిన దానికి తెలుగు ఇది:

"టీ3, ఓక్. ఇంటి వైపు కొమ్మలు ఇప్పుడు మాను నుంచి సుమారు 7 మీటర్లు సాగి ఉన్నాయి. వాటిని 5 మీటర్లకి తగ్గించడం, పైకప్పుకీ కొమ్మలకీ మధ్య 2 మీటర్ల ఖాళీ వచ్చేలా. ప్రతి కోతా బతికున్న పక్క రెమ్మ దగ్గర, కోత మందం 75 మిల్లీమీటర్లు మించకుండా. మిగతా మూడు వైపులా, ఎత్తులోనూ మార్పు లేదు. కారణం: కొమ్మలు గట్టర్‌కి, పెంకులకి తగులుతున్నాయి."

దీనికి మూడు ఫోటోలు జత చేశాను. ఒకదాంట్లో చెట్టు మొత్తం, రెండోదాంట్లో గట్టర్ మీద గీతలు పడ్డ చోటు. మూడోదాన్ని ఫోన్‌లోనే తెరిచి, కోత ఎక్కడ పడాలో ఎర్రగీత గీశాను. చెట్టు ఎక్కడుందో చూపే ప్లాన్ తప్పనిసరి. ఇల్లు, ఫెన్స్, రోడ్డు పేరు వేసి చేత్తో గీసినా ఒప్పుకుంటారు.

కారణం రాసేటప్పుడు నిజాయితీగా, సూటిగా రాయండి. ఆకులు రాలుతున్నాయి, నీడ పడుతోంది, పిట్టలు రెట్టలు వేస్తున్నాయి అంటే పెద్దగా నిలబడదు. చెట్టు ఉంటే అవన్నీ ఉంటాయి కదా. చెట్టుకి జబ్బు చేసిందనో, విరిగి పడుతుందనో అంటే చెట్ల నిపుణుడి రిపోర్టు జత చేయాలి. వేర్ల వల్ల గోడలు బీటలిస్తున్నాయంటే ఇంజనీరు రిపోర్టు కావాలి. అవి లేకుండా ఆ మాట రాస్తే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

కొన్ని వారాలకి కౌన్సిల్ ట్రీ ఆఫీసర్ వచ్చింది. ఏదో తనిఖీలా ఉంటుందనుకుని భయపడ్డాను. ఆమె రాగానే మాను మీద అరచెయ్యి ఆనించి కాసేపు పైకి చూసింది. తర్వాత చిన్న సుత్తితో మొదలు చుట్టూ తడుతూ వచ్చింది. ఒక చోట చప్పుడు డొల్లగా వస్తుందేమోనని ఆగి మళ్ళీ తట్టింది. "గట్టిగానే ఉంది" అని, నేను గీసిన ఎర్రగీతల్లో ఒకదాన్ని ఇంకాస్త బయటికి, ఒక పంగ దగ్గరికి జరపమంది. అక్కడ కోస్తే గాయం త్వరగా పూడుకుంటుందట. ఈ మాటల కోసమైనా ఆఫీసర్ వచ్చే రోజు ఇంట్లో ఉండండి.

దరఖాస్తు సరిగ్గా అందిన రోజు నుంచి ఎనిమిది వారాల్లో నిర్ణయం రావాలి. మాకు ఏడో వారంలో వచ్చింది. కాదంటే 28 రోజుల్లోగా, కౌన్సిల్ నిర్ణయాల మీద అప్పీళ్ళు చూసే ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కి అప్పీలు చేసుకోవచ్చు, దానికీ ఫీజు లేదు. ఎనిమిది వారాలు దాటినా జవాబు లేకపోతే అప్పుడూ అప్పీలు ఉంది. జవాబు రాలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకుని మాత్రం రంపం ఎత్తకండి. టీపీవో చెట్టుకి మౌనం అంగీకారం కాదు.

కొన్ని పనులకి అనుమతి అక్కర్లేదు. బతికున్న చెట్టు మీది ఎండుకొమ్మలు తీసెయ్యొచ్చు. చెట్టు పూర్తిగా చచ్చిపోతే ఐదు పనిదినాల ముందు కౌన్సిల్‌కి చెప్పి కొట్టించాలి. తుఫానుకి కొమ్మ చీలి మనుషుల మీద పడేలా ఉంటే ఆ ప్రమాదం తప్పే మేరకు వెంటనే తీసి, వీలైనంత త్వరగా కౌన్సిల్‌కి తెలియజేయాలి. తీసేముందు ఫోటోలు తీసి పెట్టుకోండి, అవసరం ఉండిందని చూపించాల్సింది మీరే.

మధ్యలో ఒకరోజు వ్యాన్‌లో ఒకతను వచ్చి తలుపు కొట్టాడు. "క్యాష్ ఇస్తే మధ్యాహ్నానికల్లా చెట్టే ఉండదు" అన్నాడు. వద్దని పంపించేశాను. అనుమతి లేకుండా చెట్టుని కొట్టేసినా, చచ్చిపోయేలా చేసినా జరిమానాకి పై హద్దు లేదు. చెట్టు బతికి ఉన్నా అక్రమంగా కత్తిరించినందుకు 2,500 పౌండ్ల దాకా పడొచ్చు. కొట్టినవాడితో పాటు కొట్టించినవాళ్ళూ దోషులే. చెట్టు పోతే అదే చోట ఇంకోటి నాటాలి కూడా. ఇన్సూరెన్స్ కాగితం చూపించి, మీ అనుమతి పత్రం అడిగి చదివే ట్రీ సర్జన్‌నే (చెట్లెక్కి కొమ్మలు కోసే నిపుణుణ్ణే) పెట్టుకోండి. మాకు పని చేసినాయన ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి జేబులో వేసుకుని మరీ చెట్టెక్కాడు.

అనుమతి ఉన్నా గూళ్ళ సంగతి వేరు. గూడు కడుతున్న పిట్టలకి 1981 నాటి వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ చట్టం కింద రక్షణ ఉంది. మార్చి నుంచి ఆగస్టు దాకా పిట్టలు గూళ్ళు పెట్టే కాలం కాబట్టి మేం ఫిబ్రవరిలో చేయించాం. తొర్రల్లో గబ్బిలాలు కనిపిస్తే పని ఆపెయ్యాలి, అవి ఆ రోజు లేకపోయినా వాటి నివాసానికి రక్షణ ఉంటుంది.

అనుమతి మామూలుగా రెండేళ్ళు నిలుస్తుంది, అదీ ఒక్కసారి చేసే పనికే. కొమ్మ మళ్ళీ సాగితే మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. అందుకని మా పత్రాన్ని, ఎర్రగీతల ఫోటోని, పని అయ్యాక అదే చోట నిలబడి తీసిన ఇంకో ఫోటోని ఇంటి కాగితాల ఫైల్లో లోకల్ సెర్చ్ పక్కనే పెట్టాను.