రైలు పట్టాల కింద నుంచి పైపు, కేబుల్ వేయాలంటే ఏం చేయాలి?

ఊరు పట్టాలకు ఇటుపక్క, నీళ్ల ట్యాంకు అటుపక్క ఉంటే మంచినీటి పైపు రైల్వే స్థలం దాటక తప్పదు. ఇంటర్నెట్ కేబుల్‌దైనా, పొలానికి వెళ్లే నీళ్లదైనా అదే పరిస్థితి. దీనికి రైల్వే ఇచ్చే అనుమతిని వే లీవ్ అంటారు. దీంతో స్థలం మీదైపోదు, దాటించుకునే వీలు మాత్రమే దొరుకుతుంది.

ముందు ఎక్కడ దాటాలో తేల్చుకోండి. కరెంటు రైళ్లు నడిచే లైన్ పక్కన స్తంభాల మీద 452/13 లాంటి నంబర్లు ఉంటాయి. మొదటిది కిలోమీటరు, రెండోది ఆ కిలోమీటరులో స్తంభం వరస. అటూ ఇటూ ఉన్న స్టేషన్ల పేర్లతో పాటు ఈ నంబరు రాస్తే మీరు చెప్పే చోటు ఇంజనీర్లకు వెంటనే తెలుస్తుంది. నంబరు కోసం పట్టాలెక్కకండి, గేటు దగ్గరో రోడ్డు మీదో నిలబడి చూడండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్లడం నేరం. వంతెనలు, తూములు, ఒక పట్టా నుంచి ఇంకో పట్టా చీలే చోట్లు వదిలేసి, పైపునో కేబుల్‌నో పట్టాలకు వీలైనంత లంబకోణంలో దాటించండి.

తర్వాత డ్రాయింగు. పట్టాల కింద ఉండే మట్టికట్ట ఎత్తు, పైపు లోతు, పైపు చుట్టూ రక్షణగా వేసే పెద్ద గొట్టం, అంటే కేసింగ్ కొలతలు అందులో ఉండాలి. దరఖాస్తు మీ లైన్ ఏ డివిజన్‌దో ఆ డివిజన్ ఇంజనీరింగ్ విభాగానికి ఇవ్వాలి. ఊరి పైపు అయితే పంచాయతీ పేరుతో వెళ్లాలి. కరెంటు లైన్ సంగతి డిస్కం చూసుకుంటుంది, దానికి 1987 నాటి ప్రత్యేక నిబంధనలున్నాయి.

అసలు కీలకం జాయింట్ ఇన్‌స్పెక్షన్, అంటే మీరూ రైల్వే వాళ్లూ కలిసి చోటును చూసే తనిఖీ. ఇంజనీరింగ్ వాళ్లతో పాటు సిగ్నల్, ఎలక్ట్రికల్ సిబ్బంది కూడా ఆ రోజు చోటు దగ్గరికి వచ్చేలా పట్టుబట్టండి. కట్ట పక్కన మట్టిలో సిగ్నల్ కేబుళ్లుంటాయి. ఒక్కటి తెగినా సిగ్నళ్లు ఎర్రగా నిలిచిపోయి రైళ్లు ఆగిపోతాయి. ఎక్కడున్నాయో వాళ్లచేత నేల మీద సున్నంతో గీయించుకుని, ఆ గీతలతో సహా ఫోటోలు తీసుకోండి.

డబ్బు విషయంలో పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. 2022 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన విధానం ప్రకారం ఆప్టికల్ ఫైబర్ కేబుళ్లు, చిన్న వ్యాసం ఉన్న భూగర్భ లైన్లు పట్టాలు దాటడానికి ఒక్కసారి కట్టే ఫీజు 1000 రూపాయలు. పర్యవేక్షణ ఖర్చులాంటివి వేరుగా ఉంటాయేమో ముందే అడగండి. పట్టాల వెంబడి పొడవునా వేసే లైన్ల లెక్క వేరు.

ఒప్పందం మీద సంతకాలయ్యాకే పని. అప్పుడు కూడా పట్టాల కింద కందకం తవ్వకూడదు, పక్కనుంచి అడ్డంగా బోరు వేసి కేసింగ్ తోయాలి. రైల్వే సూపర్‌వైజర్ వచ్చేదాకా మిషన్ స్టార్ట్ చేయనివ్వకండి, కాంట్రాక్టర్ ఎంత తొందర పెట్టినా సరే. పైన తీగల్లో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. క్రేన్ గానీ, పొడుగాటి పైపు గానీ వాటికి 2 మీటర్లలోపు వెళ్తే ప్రాణాలే పోతాయి.

పైపుకు రెండు వైపులా వాల్వులు పెట్టించండి. లీకైతే పట్టాల జోలికి వెళ్లకుండా నీళ్లు ఆపేయొచ్చు. చివరికి లైన్ నిజంగా ఎక్కడ పడిందో చూపే డ్రాయింగు రైల్వేకు ఇచ్చి, ఒక నకలు ఒప్పందంతో కలిపి పంచాయతీ ఆఫీసులో ఉంచండి. రేపు రిపేరు వస్తే కొత్త సర్పంచ్ అడిగేది అదే.